సముద్రం బయల్దేరే లోపు

భ్రమరాంబ వంటింటి తలుపు తీసేసరికి తారురోడ్డు లోపలికి వచ్చి పొయ్యిగట్టుకు ఆనుకుని పడుకుని ఉంది. రాత్రి అది పెరటిగోడ అవతల ఉండేది. ఇల్లు ఊడ్చే చేత్తోనే దాన్నీ ఊడ్చి, ఆమె పాలు పొయ్యి మీద పెడుతుంది.

పాలు కాగేలోపు ఆ రోడ్డు మీదనే ఉప్పు అమ్మే ధనకోటి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి పప్పుడబ్బాల పక్కన దిగుతుంది. ఎప్పటిలాగే ఉప్పు కొలిచి పోస్తుంది.

"భ్రమరమ్మగారూ, సముద్రం మీకు కబురెట్టింది" అంటుంది కొంగుతో మెడ తుడుచుకుంటూ. "ఇయ్యాళ పొద్దుగూకే దాకా ఉంటదంట. ఆ తరవాత ఎల్లిపోద్దంట."

"నాకా కబురు?"

"మీకే. ఊళ్ళో అందరూ చూసేశారుగా. మీరొక్కరే మిగిలారని దానికీ తెలుసు."

అది నిజమే. మధ్యాహ్నం గాలి తిరిగితే ఈ ఇంటి వసారాలోకి ఉప్పు వాసన వస్తుంది. సముద్రం అంత దగ్గర. ప్రతి కార్తీకంలోనూ ఊరివాళ్ళు ట్రాక్టరు కట్టుకుని సముద్రస్నానానికి వెళతారు. ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండాలి కదా. గేదె ఈనబోతుంది, డాబా మీద వడియాలు ఉన్నాయి, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ భ్రమరాంబే. తిరిగొచ్చినవాళ్ళ చీర కుచ్చిళ్ళలోంచి రాలిన ఇసుకను ఇన్నేళ్ళుగా ఆమే ఊడ్చి పారబోసింది. ఆమె చూసిన సముద్రం అంతవరకే.

సైకిల్ తొక్కడం మొన్న ఎండాకాలంలోనే నేర్చుకుంది, కళ్ళంలో ఆరబోసిన మినుముల చుట్టూ తిరుగుతూ. నేర్చుకున్నాక మొదటిసారి తన సైకిల్ను వంటింట్లోంచి బయటకు నడిపిస్తుంది. రోడ్డు సర్దుకుని లేస్తుంది. హాల్లో పేపరు చదువుతున్న భర్త సుందరరామయ్య, రోడ్డు వెళ్ళడానికి కాళ్ళు పైకెత్తి కుర్చీలో పెట్టుకుంటాడు.

"దూరమా?" అంటాడు. బయల్దేరినవాళ్ళను అడగవలసిన పద్ధతి అదే.

"కాస్త దూరమే."

"ఎండగా ఉంది. టోపీ పెట్టుకో."

ఆమె గుమ్మం దాటుతుండగా పడకగదిలోంచి అత్తగారి గొంతు వస్తుంది. "ఎక్కడికే?"

సైకిల్ ఆగుతుంది. రోడ్డు కూడా ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిందే, దానికీ పట్టింపు ఉంది. బయల్దేరినవాళ్ళను ఎక్కడికని అడిగితే ఇక ఆ పని కాదు. ఇంట్లోకి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. రోడ్డు చుట్ట చుట్టుకుని వెనక్కి వచ్చి పొయ్యి పక్కన పడుకుంటుంది. భ్రమరాంబ కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, ఒక గ్లాసు నీళ్ళు తాగుతుంది.

ఈసారి అత్తగారు నిద్రపోతున్నారు.

కాలవ వంతెన దాటాక మైదానం మొదలవుతుంది. నేల ఎంత చదునంటే, ముందున్న ఊళ్ళో ఎవరి అరుగు మీద ఏం ఆరబోశారో ఇక్కడికే కనబడుతుంది. వరిచేలు అటూ ఇటూ జరిగి దారిస్తాయి. కొంగలు గట్టు మీద నిలబడి ఆమెను చూసి, ఇంకా పద్ధతిగా తొక్కమన్నట్టు మెడలు నిటారుగా పెడతాయి. లారీ లేదు, బస్సు లేదు. గొలుసు చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. భ్రమరాంబకు తన ఊపిరి తనకు వినపడుతుంది. అది ఎవరి కోసమో పరిగెత్తుతున్న ఊపిరి కాదు.

భట్టిప్రోలులో స్తూపం నుంచి దిగివచ్చిన పాత ఇటుకలు టీకొట్టు దగ్గర వరసలో నిలబడి ఉన్నాయి. టీకొట్టు ఆవిడ పాలు తిరగబోస్తూ తల ఎత్తి, నవ్వుతూ పలకరిస్తుంది.

"ఎండనపడి ఎక్కడికి వదినా?"

అంతే. ఊరు, ఇటుకలు, వరిచేలు, వంతెన అన్నీ వెనక్కి జారిపోతాయి. భ్రమరాంబ మళ్ళీ వంటింట్లో ఉంటుంది. పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు. కానీ కిటికీలో ఎండ మాత్రం గోడ దిగి నేల మీదకు వచ్చింది. పాలు వెనక్కి వస్తాయి, ఊళ్ళు వెనక్కి వస్తాయి, పొద్దు మాత్రం రాదు.

అత్తగారు లేచి కూర్చున్నారు. "వచ్చావూ? ఎలా ఉందే సముద్రం?"

"ఇంకా చేరలేదత్తయ్యా."

"మా రోజుల్లో బండి కట్టుకుని వెళ్ళేవాళ్ళం. సముద్రమే పొలిమేర దాకా ఎదురొచ్చేది. మీకు అన్నీ ఆలస్యమే."

భ్రమరాంబ కాళ్ళు కడుక్కుంటుంది, కూర్చుంటుంది, తాగుతుంది.

ఈసారి భట్టిప్రోలులో టీకొట్టు ఆవిడ నోట్లో కిళ్ళీ ఉంది, మాట్లాడలేదు. చందవోలు దాకా వెళుతుంది భ్రమరాంబ. అక్కడ కోట మట్టిగోడ ఈమధ్యే మళ్ళీ మొలిచి, దారికి అడ్డంగా నడుమెత్తు దాటి పెరిగింది. వాకిట్లో కావలి భటుడు తన ఇనపటోపీని ఎండుమిరపకాయల పక్కన ఆరబెట్టుకుంటున్నాడు.

"ఎక్కడికమ్మా తల్లీ?" అంటాడు, ఎంతో మర్యాదగా.

మళ్ళీ వంటిల్లు, మళ్ళీ పీట, మళ్ళీ గ్లాసు. ఇప్పుడు ఆమె నడుస్తుంటే కడుపులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఎండ నేల దాటి గుమ్మం దగ్గరకు వెళ్ళింది. ఇంకొక్కసారి వెనక్కి వస్తే ఇక వెళ్ళి చూడడానికి ఏమీ ఉండదు, ఇసుక తప్ప. ఇసుక ఆమె చాలా చూసింది.

సుందరరామయ్య పేపరు మీదుగా చూస్తాడు. "రేపెళ్ళకూడదా?"

"రేపు అది ఉండదండీ."

"పోనీ, అడిగినవాళ్ళకి బదులు చెప్పకుండా వెళ్ళు."

"బదులు చెప్పడంలో లేదు తప్పు, అడగడంలో ఉంది" అంటుంది భ్రమరాంబ. అన్నాక తన మాట తనే విని, గ్లాసు బోర్లించి లేస్తుంది, ఒక సీసాలో నీళ్ళు నింపి సైకిల్ బుట్టలో పెట్టుకుంటుంది.

భట్టిప్రోలులో టీకొట్టు ఆవిడ పెదవి విప్పుతుండగానే, దూరం నుంచే భ్రమరాంబ గొంతెత్తుతుంది. "ఎక్కడికి వదినా?"

"నేనెక్కడికి పోతానమ్మా, పాలయిపోతే ఆ సందులోకి..." అని ఆవిడ నాలిక కరుచుకుంటుంది. "అయ్యో, అడిగేశావా! ఒక్క అడుగు బయటపెట్టాను కదే!"

"తప్పదు వదినా. కాళ్ళు కడుక్కో."

ఆవిడ గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి చెంబు ముంచుతుంది. వరసలోని ఇటుకలు కూడా ఎక్కడికో బయల్దేరినవే, అవీ వెనక్కి తిరిగి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. రోడ్డు చక్రాల కింద నున్నగా సాగుతుంది. లోకంలో బయల్దేరనివాళ్ళెవరున్నారు? చేత్తో పాలు తిరగబోస్తున్నా, మనసులో ప్రతివాళ్ళూ ఏదో గుమ్మం దాటుతూనే ఉన్నారు.

చందవోలులో భటుడు ఇనపటోపీ తీసి తలకు పెట్టుకునే లోపు ఆమె అడుగుతుంది. "ఎక్కడికయ్యా?"

"నేనా?" భటుడి ముఖం వాడిపోతుంది. "రాజులు పోయిన దగ్గర్నుంచీ ఇంటికెళదామనే చూస్తున్నానమ్మా. ఇవాళ ఎలాగైనా డ్యూటీ దిగుదామనుకున్నా. అడిగేశావు."

"ఏం చేస్తాం. నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరు. ఈసారి నేను అడగనులే."

ఆ మాటకు భటుడు మొదటిసారి నవ్వుతాడు. అతను కూర్చుంటాడు, అతన్ని చూసి కోటగోడ కూడా కూర్చుంటుంది. కూర్చున్న గోడ నులకమంచం ఎత్తున ఉంది. భ్రమరాంబ సైకిల్ను రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టి, తనూ దాటుతుంది.

బాపట్లలో ఊరు ఊరంతా ఎదురొస్తుంది. కాలేజీ పిల్లలు, బ్యాంకువాళ్ళు, పూలమ్మేవాళ్ళు, పెళ్ళిబృందం, బ్యాండుమేళం. అన్ని నోళ్ళూ ఒకే అక్షరం మీద తెరుచుకుంటున్నాయి. భ్రమరాంబ పెడలు మీద లేచి నిలబడుతుంది. ఇంట్లో ఎప్పుడూ వాడని గొంతు ఒకటి ఆమె లోపల ఉంది. దాన్ని బయటకు తీస్తుంది.

"అందరూ కట్టకట్టుకుని ఎక్కడికండీ?"

ఊరు నిలిచిపోతుంది. వెనక్కి తిరుగుతుంది. ప్రతి ఇంట్లోనూ ఒకేసారి కుళాయి తిప్పిన చప్పుడు. పెళ్ళికొడుకు తలపాగా తీసి నీళ్ళు తాగుతున్నాడు. బ్యాండువాళ్ళు బాకాల్లో పోసుకుని తాగుతున్నారు. గాలిగోపురం కాస్త వంగి, కింద ఎవరో పెట్టిన బిందెలోంచి తాగి, మూతి తుడుచుకుంటుంది. రోడ్డంతా ఖాళీ. భ్రమరాంబ బ్రేకు మీద వేలు కూడా పెట్టకుండా, చీర కొంగు జెండాలా ఎగురుతుండగా, ఊరి నడిమధ్య నుంచి దూసుకుపోతుంది.

సరుగుడు తోట దాటగానే అది ఉంది.

ఇంతుందా, అనుకుంటుంది. ఇంకేమీ అనుకోవడానికి చోటు లేదు.

సముద్రం నిలబడి ఉంది. అలలన్నీ ఇస్త్రీ చీరల్లా మడతపెట్టి, గవ్వలూ చేపలూ మూటగట్టి భుజాన వేసుకుంది. వెనక సూర్యుడు సరుగుడు చెట్ల నడుం దాకా దిగాడు. అది ఒకసారి ఒడ్డు వైపు చూసి, ఎవరూ రాలేదనుకుని, వెనక్కి తిరిగి ఒక కాలు ముందుకు వేస్తుంది.

సైకిల్ ఇసుకలో దిగబడుతుంది. భ్రమరాంబ దాన్ని వదిలేసి పరిగెత్తుతుంది.

"ఎక్కడికి?"

సముద్రం ఆగిపోతుంది. వేసిన కాలు గాలిలోనే ఉంది.

"ఏమ్మా, ఇంత వయసొచ్చింది. బయల్దేరేవాళ్ళను అలా అడగకూడదని తెలియదూ?"

"తెలుసు. తెలిసే అడిగాను."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏముంది? కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగడమే."

సముద్రం మూట దించి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ కోసం చుట్టూ వెతుకుతుంది. ఎక్కడా కనబడవు. భ్రమరాంబ సైకిల్ బుట్టలోంచి సీసా తెచ్చి దాని కాళ్ళ మీద పోస్తుంది. అది గొంతుక్కూర్చుని దోసిలి పడుతుంది, తాగుతుంది.

"తియ్యగా ఉన్నాయే. ఏ ఊరివి?"

"మా పెరటి బావివి."

"మీ ఊరివాళ్ళు ఇన్నిసార్లు వచ్చారు, ఒక్కళ్ళూ నాకు మంచినీళ్ళివ్వలేదు."

ఇద్దరూ ఇసుకలో పక్కపక్కనే కూర్చుంటారు. భ్రమరాంబ దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూస్తుంది. తొందరేమీ లేదు. సూర్యుడు కూడా దిగబోతూ అడిగించుకున్నవాడే, అలాగే కూర్చుని ఉన్నాడు.

కడుపు నిండా చూశాక తనే లేచి చీర దులుపుకుంటుంది. "దూరమా?" అంటుంది.

"కాస్త దూరమే. నీ మూలాన ఆలస్యం కూడా అయింది."

"అయితే ఎక్కు."

సముద్రం మూటతో సహా క్యారియర్ మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, భ్రమరాంబ నడుం పట్టుకుంటుంది. "చువ్వల్లో పడకుండా అలలు ఎత్తి పట్టుకో" అని చెప్పి భ్రమరాంబ పెడలు తొక్కుతుంది. అనుకున్నంత బరువు లేదు. మలుపు తిరిగేటప్పుడు కాస్త ఒరుగుతుంది, అంతే.

సముద్రం ఖాళీ చేసిన నేల మీద రోడ్డు తిన్నగా దిగుతుంది. అటూ ఇటూ ఉప్పు పేరుకున్న మైలురాళ్ళు తెల్లగా నిలబడి ఉన్నాయి. వాటి మీద ఇంకా ఏమీ రాయలేదు. భ్రమరాంబ ఆగకుండా చెయ్యి చాచి ఒక్కో రాయినీ తడుతూ, నోటికి వచ్చిన పేరు పెడుతూ పోతుంది. మొదటి ఊరికి తన పేరే పెడుతుంది. వెనక నుంచి సముద్రం ఆ పేర్లను పెద్దగా పిలుస్తుంది. పిలిచిన ప్రతి పేరుకూ ఇసుకలోంచి ఒక పాతకాలపు ఊరు, కోటబురుజులతో, వెలుగుతున్న దీపాలతో, ఆరేసిన చీరలతో, ఒళ్ళు దులుపుకుంటూ లేచి నిలబడుతోంది.