రెండు ముళ్ల పురుగు

రంపం తీసుకొని రమ్మని బాలకిషన్ గారు ఫోన్ చేశారు. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్‌కు నడిచి వెళ్లాను. నాది వడ్రంగం. మాటలు తక్కువ.

వాళ్ల పెరట్లో మామిడి మొదట్లో తెల్లటి పొడి రాలి ఉంది.

"జూసినవా సోమాచారీ? పురుగులు చెట్టునంత తిన్నయి. ఇగ తలుపుల దిక్కొస్తయి. ఇయ్యాల్నే కొట్టెయ్," అన్నారాయన.

భార్య సులోచనమ్మ చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. "ముందు నన్ను కొట్టమను. మా అత్త పెట్టిన చెట్టిది."

"రేపు తలుపులు రాలితే మీ అత్తనే అడుగు!"

పొడిని కాగితం మీదికి తీశాను. రెండు పురుగులు దొరికాయి. గోధుమరంగు, టోపీ కింద దాచినట్టున్న తల. మామిడి బెరడు తొలిచే పురుగు తల కూడా అంతే. చెట్టు పోయిందనుకున్నాను. రంపం అందుకున్నాను.

తల చూసి తీర్పు చెప్పకురా అనేవాడు మా మేస్త్రీ. రంపం దించి, భూతద్దం పెట్టి పురుగు వెనుకవైపు చూశాను. బెరడు పురుగైతే వెనుక గుండ్రంగా, సన్నటి నూగుతో ఉంటుంది. దీనికి ఉలితో ఏటవాలుగా చెక్కినట్టుంది. చెక్కినచోట రెండు ముళ్లు. కొట్టిన పచ్చికర్ర ఎండేటప్పుడు చేరే పురుగు ఇది. బలంగా నిలిచిన చెట్టు జోలికి రాదు.

మరి పొడి ఎక్కడిది? మామిడి బెరడు కొంచెం లేపాను. లోపల తడి. ఒక్క రంధ్రం లేదు. పక్కనే, మానుకు కట్టేసి ఉంది పెళ్లి రాట. మనవరాలు సంజన పెళ్లికి పాతిన పచ్చి కొమ్మ. పసుపు ఇంకా పోలేదు. ఒంటినిండా రంధ్రాలే. తట్టితే పొడి జల్లున రాలింది.

"రాట తియ్యలేదేందమ్మా?"

"పెండ్లయినంక పదారొద్దులకు తియ్యాలె. పిల్ల కాపురానికేమన్న అయితదేమోనని చెయ్యి రాలే."

"ఏడు నెల్లాయె! పిల్ల ఆడ మంచిగనే ఉన్నది, ఈడ నువ్వు పురుగులను సాకుతున్నవు," అన్నారు బాలకిషన్ గారు.

"ఇది తీస్తే చెట్టు ఉంటదా అన్నా?" అని ఆమె నన్నడిగింది.

"ఉంటది."

ఆమె సంజనకు ఫోన్ కలిపింది. విషయం విని అటునుంచి ఒకటే నవ్వు. "తీసెయ్ నానమ్మా! ఆ చెట్టు కాయల తొక్కు పచ్చడి మాత్రం పంపు."

సులోచనమ్మ రాటకు దండం పెట్టి తన చేత్తోనే తాడు విప్పింది. దాన్ని నేను బయటికి మోశాను. పొడి శుభ్రంగా ఊడ్చి, మళ్లీ రాలుతుందేమో పదిహేను రోజులు చూడమన్నాను.

పదహారో రోజు బాలకిషన్ గారి ఫోన్.

"పొడి లేదు. రంపం ఇంట్లనే పెట్టి, చాయ్‌కి రా."