ఆలివ్ కాయలేరే పాట

గారెల పిండిని అవని ఎడమచేత్తోనే గిన్నెలోకి తీస్తోంది. కుడిచేతి గోళ్ళు గిటారు మీటడానికి పెంచుకున్నవి, ఒక్కటి విరిగితే మళ్ళీ నెలల తరబడి ఆగాలి. "ఇంటి కోడలికి ఆ గోళ్ళేమిటమ్మా, రాక్షసిలాగా" అని అత్తగారు వీడియో కాల్‌లో అందరి ముందూ అనేది. మొగుడు దివాకర్ పక్కనే కూర్చుని నవ్వేవాడు.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దక్షిణ ఇటలీలో ఆలివ్ కాయలేరే ఆడవాళ్ళు పాడుకున్న పాటల కోసం అవని తొమ్మిదేళ్ళుగా ఈ అమెరికాలో, జెర్సీ సిటీలో స్థిరపడ్డ ఇటలీ ముసలమ్మల వంటిళ్ళన్నీ తిరిగింది. నలభై పాటలు పోగుచేసి గిటారు మీదికి తెచ్చింది. "నీకూ ఇటలీకీ ఏం చుట్టరికమే? మన సినిమా పాటలు వాయిస్తే తెలుగు అసోసియేషన్ వాళ్ళయినా పిలుస్తారు" అంటాడు దివాకర్. పొద్దస్తమానం నడుం వంచి కాయలేరి, ఇంటికెళ్ళి రొట్టెలు కాల్చి, ఆపైన మొగుడి చేత మాటలు పడ్డవాళ్ళ పాటలవి. అంతకంటే దగ్గర చుట్టరికం ఇంకేం కావాలట?

ఫోన్ మోగింది. ఇవాళ నాలుగింటికి ఆ పాటల కచేరీ ఏర్పాటు చేసిన తెరేసా.

"జ్వరం తగ్గిందా? నీ మెయిల్ చూశాం. రోసారియా ఒక్కతే పాడతానని పట్టుబట్టింది."

ఆ ముసలమ్మల్లో అందరికంటే పెద్దది రోసారియా, తొంభై ఒక్కేళ్ళు. కచేరీలో చివరి పాట తెలిసినది ఆవిడొక్కతే. ప్రతి మూడో చరణానికీ ఊపిరి అందదు, అందేదాకా గిటారే పాటను మోయాలి. అవని పిండి చేత్తోనే తన మెయిల్ తెరిచింది. జ్వరం, కచేరీకి రాలేనంటూ నిన్న మధ్యాహ్నం తన పేరుతో వెళ్ళిన ఉత్తరం అందులో ఉంది. వీసా పేపర్లు చూడాలని పెళ్ళయిన కొత్తలో దివాకర్ తీసుకున్న పాస్‌వర్డ్ ఇందుకు పనికొచ్చిందన్నమాట!

ఫోన్ చూపించి నిలదీస్తే, హాల్లో కుర్చీలు వేస్తున్న దివాకర్ తడబడనైనా లేదు.

"అడిగితే నువ్వు ఒప్పుకోవుగా! గ్రీన్ కార్డ్ పార్టీ అవనీ, ముప్పైమంది వస్తున్నారు. సూర్యప్రకాశరావు బాబాయి డల్లాస్ నుంచి ఫ్లైట్ బుక్ చేసుకుని మరీ వస్తున్నారు. ఆవిడ ఇంకోసారి పాడుతుందిలే."

"తొంభై ఒక్కేళ్ళు ఆవిడకి."

"అబ్బా, చిన్నదానికి సీన్ చెయ్యకు. ముందు గారెలు వెయ్యి."

చిన్నదట! తొమ్మిదేళ్ళూ ఇంటిపని ఒక్క పూట ఆపకుండా, అందరూ ఆఫీసులకీ నిద్రలకీ పోయాక మిగిలిన సందుల్లో నేర్చుకున్న విద్య చిన్నది. ముప్పైమంది నమిలే గారె పెద్దది. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చేతులు కడుక్కుని గిటారు భుజాన వేసుకుంది.

"ఎక్కడికే? పిండి పులిసిపోతుంది!"

"నూనె పొయ్యి మీదే ఉంది" అని చెప్పి బయటికి నడిచింది.

కచేరీ హాలు చేరేసరికి తెరేసా మైకులో, అవని అనారోగ్యం వల్ల రాలేకపోయిందని ప్రకటిస్తోంది. వేదిక మీద రోసారియా ఒంటరిగా, ఒళ్ళో చేతులు ముడుచుకుని ఉంది. అవనిని చూసి, "ఆలస్యం చేశావు, పిచ్చిదానా" అని తన ఊరి భాషలో తిట్టి, పక్కకి జరిగింది.

అవని కూర్చుని తీగలు సవరించుకుంది. మైకు దగ్గరికి లాక్కుంది. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండాలని పెళ్ళినాటి నుంచి విన్న మాట గుర్తొచ్చింది. దాన్ని పక్కకి నెట్టేసింది.

"నాకు జ్వరం రాలేదు. నా పేరుతో మీకు అబద్ధం రాసింది నా మొగుడు."