నాలుగో వల

కైకలూరు దాటాక ఒక చెరువులో పెర్సిస్ నాలుగు వలతొట్లు కట్టించింది. ఒక్కోదానిలో నలభై శీలావతి చేపపిల్లలు, వేలెడంత కూడా లేనివి. మేత అన్నిటికీ ఒకటే. అందులో కలిపే లైసిన్ పాళ్లే వేరు, మొదటి వలకి అన్నిటికంటే ఎక్కువ. కండ పట్టడానికి కావలసిన ఆ పదార్థాన్ని చేప తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండిలో అందాల్సిందే. ఎంత ఉంటే చాలునో తేల్చడమే ఆమె పరిశోధన. నాలుగో వలకి అసలు కలపలేదు.

రోజూ మేత వేసేది హన్నమ్మ. అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లు ఆయాగా చేసిన మనిషి.

పెర్సిస్ పదిహేను రోజులకోసారి ఏలూరు నుంచి వచ్చి పిల్లల్ని తూచేది. రెండో తూకానికి నాలుగో వలవి చిక్కిపోయాయి. అది అనుకున్నదే. నాలుగో తూకానికి మాత్రం మిగతావాటిని అందుకున్నాయి! త్రాసు సరిచూసుకుని మళ్లీ తూచింది. ఫోన్లో గైడుగారు సంబరపడ్డారు. "కొత్త సంగతమ్మా ఇది, పేపర్ రాసేద్దాం."

"లైసిన్ లేకపోయినా పెరిగాయి, పిన్నిగారూ!" అంది పెర్సిస్.

హన్నమ్మ మొహం పాలిపోయింది. "నేనే పెట్టానమ్మా. రోజూ ఓ గుడ్డు ఉడకబెట్టి, చిదిపి వేశాను. అంగన్‌వాడీలో బరువు తగ్గిన పిల్లల్ని చూసిన కళ్లండీ ఇవి. ఊరుకోలేకపోయాను."

పెర్సిస్ త్రాసు పక్కన పెట్టేసింది. వెళ్లి గట్టు మీద కూర్చుంది. రెండు నెలల శ్రమ! ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. కానీ తన పేపర్ నమ్మి ఎవరైనా మేతలో లైసిన్ తగ్గిస్తే, రేపు ఎన్ని చెరువుల్లో పిల్లలు ఎదగక ఉండిపోతాయో! చాలాసేపటికి గైడుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "మళ్లీ మొదలుపెట్టమ్మా" అన్నారాయన.

"నన్ను మాన్పించెయ్యండమ్మా" అంది హన్నమ్మ.

"వద్దండీ. అవి చిక్కిపోవడం నాకంటే ముందు మీరే చూశారు. ఈసారి కనబడింది కనబడినట్టు పుస్తకంలో రాయండి. గుడ్డు మాత్రం పెట్టొద్దు, అంతే."

"కడుపు నిండా తింటున్నా ఎదగవా?"

"ఎదగవండీ. ఎంత పెడితే ఎదుగుతాయో తెలియడానికే ఇదంతా."

హన్నమ్మ ఆలోచించింది. "అయితే ఆఖరి తూకం అవగానే వాటికి మంచి మేత వెయ్యాలి. మాటివ్వండి."

పెర్సిస్ మాటిచ్చింది.

రెండోసారి ప్రయోగం చెడలేదు. రెండో వలకి కలిపిన పాళ్లే సరిపోతాయని, మొదటి వలకి కలిపిన అదనం వృథా అని తేలింది. నాలుగో వల పిల్లలు సన్నగానే ఉండిపోయాయి. ఆఖరి తూకం నాడు పెర్సిస్ మంచి మేత గిన్నె హన్నమ్మ చేతికిచ్చింది. పాడైన మొదటి ప్రయోగం గురించి కూడా పెర్సిస్ తన థీసిస్‌లో రెండు పేజీలు రాసింది.