ఉప్పు చూసే మనిషి

సూర్యాపేటలో పంచుకునే అంగడి ఆదివారం పదకొండింటికి మొదలై, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా నడుస్తుంది. కాలనీ కమ్యూనిటీ హాల్లో నాలుగు బల్లలు వేస్తారు, వండినవాటికి రెండు, కూరగాయలకు ఒకటి, బియ్యానికి ఒకటి. ఇంట్లో మిగిలిపోయేలా ఉన్నది తెచ్చి పెట్టాలి, కావలసింది తీసుకుపోవాలి. ధర లేదు. ఎవరింటి గిన్నె అని అడగకూడదు. వండిన సమయం మాత్రం చీటీ మీద రాసి మూతకు అంటించాలి. దీన్ని చూసి కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి పెట్టారు. ఒక ఊళ్లో మిగిలిన కూరగాయలు ఇంకో ఊరికి వస్తూ పోతూ ఉంటాయి. ఒక సొరకాయ అయితే మూడు ఊళ్లూ రెండుసార్లు తిరిగింది. ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు దానికి పెద్దరికం వచ్చేసింది. కోయాలంటే కత్తి పట్టిన చెయ్యే వెనక్కి పోతోంది.

ఈ అంగట్లో గట్టి కట్టుబాటు ఒక్కటే. లింగస్వామి ఉప్పు చూడనిదే ఏ గిన్నే బల్ల ఎక్కదు.

లింగస్వామి వాకిలి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. ప్రతి గిన్నెలోంచీ చెంచాడు అరచేతిలో వేయించుకుని నోట్లో వేసుకుంటాడు. కళ్లు మూస్తాడు, తెరుస్తాడు. "మంచిగుంది" అంటే గిన్నె బల్ల మీదికి. తల అడ్డంగా ఊపితే హాలు వెనక ఎరువు గుంతలోకి. దానిమీద అప్పీలు లేదు. సేట్ల ఇంటి పులిహోర మోతె నుంచి వచ్చే కూలీల పళ్లేల్లోకి, కూలీల ఇంటి గోంగూర సేట్ల టిఫిన్లోకి పోతున్నాయంటే నడుమ లింగస్వామి నోరుంది. ఆయన తిన్నాడు, ఆయనకేం కాలేదు, మనమూ తినొచ్చు. ఊరంతా ఇంతే ఆలోచిస్తుంది.

ఆ నోటికి పేరు ఊరికే రాలేదు. రోజూ పొద్దున బస్సెక్కి పోయి, మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. వడ్ల లారీ వచ్చి ఆగితే గుప్పెడు తీసి, అరచేతిలో రుద్ది, పొట్టు ఊది, గింజను పంటి కింద పెట్టి తేమ ఎంతో చెప్పేవాడు. పదిహేడు శాతమంటే పదిహేడే. తర్వాత తేమ చూసే మిషన్ వచ్చింది. ఆయన ఒకటి చెప్పి మిషన్ ఇంకొకటి చూపిస్తే, మిషన్ను రిపేరుకు పంపేవాళ్లు. హాలియా రైతులు లారీ దిగేముందే ఆయన పళ్లకు దండం పెట్టుకునేవాళ్లు.

ఇప్పుడా నోటికి ఏమీ తెలియదు.

ఆయన భార్య యాదమ్మ చలికాలంలో పోయింది. పొద్దున్నే నీళ్లు కాగబెడదామని పొయ్యి దగ్గరికి వెళ్లి, గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నది లేవలేదు. లింగస్వామి ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని వాకిట్లో కూర్చుని ఎదురుచూశాడు గాని, వచ్చినవాళ్లంతా చుట్టాలే. పదో రోజు భోజనాల్లో వంటవాడు కూరలో కారం రెండుసార్లు వేశాడు. పది రోజుల్లో యాదమ్మ కోసం కారనన్ని కన్నీళ్లు ఆ అరగంటలో కారాయి. ముక్కులు చీదుకుంటూ, నాలుకలు బయటపెట్టి అందరూ నీళ్లకు పరుగెత్తారు. లింగస్వామి ఒక్కడే పొడి కళ్లతో కూర్చుని, ఇంకొంచెం వేయమన్నాడు. పాపం, దుఃఖం అన్నారు.

ఆయనకు అప్పుడే అర్థమైంది. మర్నాడు ఉప్పుగల్లు నాలుక మీద పెట్టుకున్నాడు. చిన్న రాయి పెట్టుకున్నట్టు ఉంది. దవాఖానకు పోతే డాక్టరు టార్చి వేసి చూసి, నాలుక బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని, విటమిన్ గోళీలు రాశాడు. గోళీలు కూడా అంతే, రాళ్లలాగే ఉన్నాయి. వాసన కూడా నాలుకతోపాటే పోయింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ పోతుంది. వారంలో ఆరు రోజులు ఆయనతో మాట్లాడేది రీచార్జి అయిపోయిందని చెప్పే ఫోన్లోని ఆడగొంతు ఒక్కటే. ఆదివారం మాత్రం నూటయాభై మంది వరుసలో నిలబడి, ఆయన ఏమంటాడా అని చూస్తారు. ఆ కుర్చీ కూడా లేకపోతే వారానికి ఏడు సోమవారాలు.

అందుకని ముఖాలు చదవడం నేర్చుకున్నాడు. పాడైనది తెచ్చిన మనిషి గిన్నె వైపు చూడడు, గోడ వైపు చూస్తాడు. మూత తీసినప్పుడు వెనకవాళ్ల ముక్కులు ముడుచుకుంటాయి. చీటీ మీద సమయం ఉండనే ఉంటుంది. నాలుగు నెలల్లో ఒక్క పొరపాటు జరగలేదు. అందులో లింగస్వామి గొప్పతనం కొంత, చలికాలం గొప్పతనం చాలా.

ఏప్రిల్ వచ్చింది. సూర్యాపేటలో ఎండలు ఎంత ముదిరాయంటే, బస్టాండు కాకులు ఎగరడం మానేసి నీడన నడిచి పోతున్నాయి.

ఆ ఆదివారం అంగడి ఇంకా మొదలు కాకముందే కృప వచ్చింది. ఆమె లింగస్వామి పక్క వాటాలో ఉండే అంగన్‌వాడీ టీచరు. యాదమ్మను వదినె అని పిలిచేది. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నారు. చర్చిలో ప్రార్థన అయ్యాక చంకలో బైబిలు సంచితో నేరుగా వచ్చింది. చేతిలో చిన్న టిఫిన్ ఉంది. ఇది బల్ల మీదికి కాదు, నీకే అని చెప్పి, పప్పుచారు చెంచాడు ఆయన అరచేతిలో పోసింది.

లింగస్వామి తాగాడు. కళ్లు మూశాడు, తెరిచాడు. కృప ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ రాసిలేదు.

"మంచిగుంది" అన్నాడు.

ఆమె ఏదో అనబోయేలోగా బయట ట్రాలీ ఆటో ఆగింది. గింజల వ్యాపారం చేసే లక్ష్మీనర్సయ్య సేటు దిగాడు. కోదాడలో వాళ్ల మేనల్లుడి గృహప్రవేశమట. తెల్లవారుజామున నాలుగింటికి వండించారు. పిలిచినవాళ్లలో సగం మంది ఎండకు భయపడి రాలేదు. ఒక గుండిగ పులిహోర, ఒక గుండిగ అన్నం, ఒక గుండిగ కుర్మా అలాగే మిగిలాయి. మూతలు బిగించి, ఎండలో గంట ప్రయాణం చేయించి తెచ్చాడు.

ముందు పులిహోర, తర్వాత అన్నం, ఆఖరికి కుర్మా లింగస్వామి అరచేతిలోకి వచ్చాయి. ఆయన సేటు ముఖం చూశాడు. సేటు గోడ వైపు చూడటం లేదు. కొడుకు పెళ్లి ఊరేగింపును చూసినట్టు గుండిగ వైపే మురిపెంగా చూస్తున్నాడు. మసాలా ఘాటు తప్ప ఇంకేదీ తగలక వెనకవాళ్ల ముక్కులు కూడా ముడుచుకోలేదు.

"మంచిగుంది" అన్నాడు లింగస్వామి. గుండిగలు బల్ల ఎక్కాయి. అంగడిని నడిపే మాధవి టీచర్ గరిటె అందుకుంది. వరుస కదిలింది.

కృప ఒక స్టూలు లాక్కుని కుర్చీ పక్కన కూర్చుంది. పిల్లలకు పాఠం చెప్పినట్టు మెల్లగా అంది:

"అన్నా, గా పప్పుచారుల ఎంత ఉప్పేసిన్నో ఎరుకేనా? గుప్పెడు."

లింగస్వామి అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

"పోయిన వారం అసలు వెయ్యనే లేదు. గప్పుడు గూడ మంచిగుందన్నవ్."

లింగస్వామి గోడ వైపు చూస్తున్నాడు.

"నాకేం కొత్త గాదులే. వదినెకు గూడ గట్లనే అంటివి. వడ్లగింజల తేమ చెప్పేటోడు నా చారుల ఉప్పు చెప్పడా, సూస్త అని ఏడాదికో చిటికె పెంచుకుంట పోయింది. ఎక్కువైందే అని నువ్వు ఒక్కనాడన్న అంటవని. ఎక్కువుప్పు ఎయ్యకముందే తనకు చిన్న గిన్నెల తీసి దాసుకునేది. నువ్వేమో గిన్నె ఊడ్సి మంచిగుందంటివి. ఆమె గోడ కాడికొచ్చి కడుపు పట్టుకొని నవ్వేది."

చిన్న గిన్నె ఆయనకు గుర్తుంది. భర్త తిన్నాక తినడం ఆమె పద్ధతి అనుకున్నాడు ముప్పై ఒక్క ఏళ్లు. పెళ్లయిన వారానికి ఆమె వండిన అన్నం నోట్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ తేమ ఎంతుందో శాతం చెప్పాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచీ ఏం పెట్టినా మంచిగుంది అన్నాడు. మిల్లులో ఒక్క అబద్ధం ఆడని నోరు, ఉన్న అబద్ధాలన్నీ ఇంట్లోనే ఖర్చుపెట్టింది. మిల్లు పని ఆఖరి ఏళ్లలో ఆ చారు తాగి పనికి పోతే మధ్యాహ్నానికి చొక్కా మీద తెల్లటి చారలు పడేవి. మిల్లు కుండలో నీళ్లు ఆయన ఒక్కడికే సరిపోయేవి కావు. యాదమ్మకు చెయ్యి తిరగదు పాపం అనుకున్నాడు.

లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు చూశాడు. కదల్లేదు. పంటి కింద పెట్టినా పగలని గింజలాగా ఉంది.

గోడ మీంచి చూపు జారి వరుస మీద పడింది. మిర్చి ఏరడానికి మోతె నుంచి వచ్చిన ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని గోడవారన కూర్చున్నారు. అందులో ఒకామె అన్నంలో కుర్మా కలుపుకుంటోంది. నిమ్మళంగా, ఏ అనుమానమూ లేకుండా కలుపుకుంటోంది. లింగస్వామి మంచిగుంది అన్నాడు కదా.

లింగస్వామి లేచి నిలబడ్డాడు. గిన్నెలు ఖాళీ కాకుండా ఆయన లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. హాలంతా ఆయన వైపు తిరిగింది.

"ఆ కుర్మ తినకుండ్రి" అన్నాడు.

సేటు గిర్రున తిరిగాడు. "ఏందయ్యా, ఇప్పుడే గదా మంచిగుందంటివి. ఖరాబైందంటవా?"

"ఖరాబైందో మంచిగున్నదో నాకు తెల్వదు సేటు. నాలుగు నెల్ల సంది నా నోటికేం తెలుస్తలేదు."

వరుస ఆగిపోయింది. నూటయాభై మంది నాలుగు నెలల ఆదివారాలను వెనక్కి తిరిగి గుర్తు చేసుకుంటున్నారు. చాలామంది చేతులు వాటంతటవే కడుపుల మీదికి వెళ్లాయి. ఒకాయనకు జనవరిలో తిన్న ఉప్మా అప్పుడు నొప్పి పెట్టడం మొదలైంది.

మాధవి టీచర్ కుర్మా ఒక చుక్క నాలుక మీద వేసుకుని, బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చింది. అది సేటుకు సరిపోలేదు. తమ ఇంటి గుండిగ సంగతి తానే తేల్చాలని నిండా చెంచాడు తీసి నోట్లో వేసుకున్నాడు. ఇంటి పరువు కాబట్టి ఉమ్మలేదు. మింగడానికి చాలా సేపు పట్టింది. ఆ సేపట్లో ఆయన ముఖంలో మూడు కాలాలూ మారాయి. మింగాక మెల్లగా, ఎత్తుండ్రి అన్నాడు. పులిహోర, అన్నం బాగానే ఉన్నాయని తేల్చి ఉంచారు. అప్పటికే కుర్మా తిన్న ఇద్దరు ఆడవాళ్లకు మజ్జిగ తాగించారు. వాళ్లకేం కాలేదు గాని, చావు అంచుదాకా పోయి వచ్చిన కథను మోతెలో ఇప్పటికీ చెబుతున్నారు, చెప్పినప్పుడల్లా ఇంకొంచెం దూరం పోయి వస్తున్నారు.

లింగస్వామి చెంచా మాధవి టీచర్ చేతికిచ్చి ఇంటికి పోయాడు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ ఆపలేదు కూడా.

తరువాతి ఆదివారం పదకొండు అయింది. ఆయన వెళ్లలేదు. గడప మీద కూర్చున్నాడు. పన్నెండు కూడా అయింది. అనుకున్నట్టే అది సోమవారంలాగా ఉంది.

పన్నెండున్నరకు కృప వచ్చింది. చంకలో బైబిలు సంచి, చేతిలో చిన్న టిఫిన్. అడగకపోయినా అంగడి సంగతులు చెప్పింది. ఇప్పుడు ముగ్గురు కలిసి ఉప్పు చూస్తున్నారట. ముగ్గురూ మూడు మాటలు అంటున్నారట. వాళ్ల పంచాయితీ తెగేసరికి అన్నం చల్లారి, అది పాడైందా లేదా అని మళ్లీ మొదటినుంచీ చూస్తున్నారట. కుర్చీలో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలక, సొరకాయను కూర్చోబెట్టారట.

"మాధవి టీచర్ అడగమన్నది" అంది కృప. "బియ్యం బల్ల కాడ పాతవేవో కొత్తవేవో, తడిసినయేవో చూసే మనిషి లేడంట. పంటితోని పనే గదా. నాలుకతోని ఏం పని?"

లింగస్వామి గడప మీద కాస్త పక్కకు జరిగాడు. ఆమె మూత తీసి టిఫిన్ ఆయన ముందు పెట్టింది. పప్పుచారు అన్నం.

"మా వదినె కొలత" అంది. "ఆఖరి ఏడాది కొలత."

ఆయన రెండు ముద్దలు తిన్నాడు. వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

"ఎట్లుందన్నా?"

ఆ మాట పెదవుల దాకా వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు నడిచిన దారి, దానంతటదే వస్తుంది. లింగస్వామి దాన్ని మింగాడు.

"ఏం తెలుస్తలేదు కృపా. నువ్వు చెప్పు."

కృప చిటికెడు మెతుకులు తీసి నోట్లో పెట్టుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది. ఒక భుజం చెవి దాకా లేచింది. పరుగున పోయి మోరీలో ఉమ్మి, రెండు చెంబుల నీళ్లు తాగి వచ్చింది.

"నోట్ల పెట్టుకునేటట్టు లేదన్నా" అంది, పైటతో మూతి తుడుచుకుంటూ.

లింగస్వామి తల ఊపాడు.

"ఆ" అన్నాడు. "అట్లనే ఉండేది."

మిగిలినదంతా ఒక్కొక్క ముద్దే తిన్నాడు. అడుగున అంటుకున్నది వేలితో ఊడ్చాడు. టిఫిన్లో నీళ్లు పోసి, కలిపి, ఆ నీళ్లు కూడా తాగాడు. కృప నిలబడి చూస్తూ ఉంది. టిఫిన్ కడిగి ఆమె చేతికిచ్చి, గడప పక్కన చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు.

"నువ్వు ముందు పో" అన్నాడు. "పోయి ఆ సొరకాయను దింపుమను."