పొద్దుగాల నేసిన పంచె

కమలవ్వ స్నానం చేసి, మార్కండేయ స్వామి పటానికి దీపం పెట్టి, పెట్టెల నుంచి తెల్ల పంచె తీసి కండ్లకద్దుకునేసరికి వాకిట్ల రవి బండి ఆగేది.

"అవ్వా, ఇయ్యాల జోడి లేటుగ వస్తరట. పన్నెండు అయితదేమో."

"కానియ్యి. పంచె ఉన్నది గద."

సిరిసిల్లల పెండ్లి ముంగటి వీడియోలు తీసేటోళ్లంతా తెల్లారుజామునో, పొద్దుగూకే ముందో మానేరు ఒడ్డుకు ఉరుకుతరు. ఎండెక్కితే ముక్కు కింద నల్లటి నీడ పడ్తది, పెండ్లిపిల్ల కండ్లు చిట్లిస్తది. రవికి ఆ ఫికర్ లేదు. కమలవ్వ పంచెను రెండు గడలకు కట్టి జోడి మీద ఎత్తి పట్టుకుంటే, మిట్టమధ్యాహ్నం కూడా దాని కింద పొద్దుగాల ఆరుగంటల వెలుతురే. ఒక గడ మాత్రం ఆమె చేతిల ఉండాలె. ఇంకెవరు పట్టినా అది ఉత్త పంచెనే.

ఈ సంగతి మొదట తెలిసింది వడియాల దగ్గర. కాకులు ముట్టకుండ పైన పంచె పరిచి కొస పట్టుకొని కూసుంటే, కింద వడియాలు మూడు రోజులైనా ఎండలే. కోడలు శ్యామల విసుక్కుంట వాటిని పొయ్యి పక్కకు జరిపింది, అంతే.

అది కమలవ్వ పెనిమిటి సారయ్య గుంట మగ్గం మీద నేసిన ఆఖరు పంచె. వేడికి నూలు తెగుతదని ఈ ఒక్కదాన్ని మాత్రం పొద్దుగాలనే నేసిండు. పొద్దుగాల సారయ్య అంత నిమ్మళమైన మనిషి వాడకట్టుల లేడు, భజన పాడుకుంట నాడెను దారంతోని అటూ ఇటూ ఆడించేటోడు. మిగిలిన బట్టలు నేసేటప్పుడు ఎండ ముదిరి దారం తెగినకొద్దీ ఆయన చెయ్యి లేచేది. ఆ సంగతి మగ్గం అర్రకు, కమలవ్వ వీపుకే ఎరుక. పోయి పదేండ్లైనా అందరు "సారయ్య బంగారం" అంటరు. ఆమె ఎన్నడు కాదనలే.

పంచె కింద నిలబడ్డ ప్రతి జోడి ప్రేమగనే కనపడ్డది. వాళ్లల్ల ఇద్దరు ఆడపిల్లలు ఏడాది తిరగకముందే తల్లిగారింటికొచ్చి కూసున్నరు.

మాఘంల మనుమరాలు భవ్యశ్రీ వంతు వచ్చింది. పిల్లగాడు సాయిచంద్, సుల్తానాబాద్‌ల బట్టల దుకాణపోళ్ల కొడుకు.

"మా అవ్వ చేతులల్లనే లైటు," అన్నది భవ్య.

"అయితే కరెంటు బిల్లు అవ్వకే పంపాలె," అన్నడు సాయిచంద్. అందరు నవ్విన్రు.

ఇసుక కాలుతున్నది. పంచె కింద తెల్లారుతున్నట్టే ఉన్నది. "చెయ్యి పట్టుకో అన్నా, జర మెల్లగ," అన్నడు రవి కెమెరా ఎనక నుంచి. భవ్య చున్నీ సదురుకోబోయింది.

"కదలొద్దంటే తెల్వదా నీకు," అన్నడు సాయిచంద్, నవ్వు చెదరకుండ. రవికి వినపడలే. గడ పట్టుకొని పక్కనే ఉన్న కమలవ్వకు వినపడ్డది. పిల్ల మణికట్టు చుట్టు వాని వేళ్లు బిగిసినయి. ఆ వెలుతురుల అది కూడ ముద్దుగనే ఉన్నది.

"సూపర్ అన్నా, గట్లనే ఉండు."

దూరంగ నిలబడ్డ శ్యామల కండ్లొత్తుకున్నది. "ఎంత మంచిగ చూసుకుంటుండో."

కమలవ్వ తన మణికట్టు చూసుకున్నది. ఎన్నడో గాజు పగిలి దిగిన గీత. స్వామిని తలుచుకొని గడ ఇడిసిపెట్టింది.

పంచె ఇసుకల పడ్డది. ఆ ఇంట్ల నేసిన బట్ట నేల మీద పడుడు అదే మొదలు. పన్నెండు గంటల ఎండ ఇద్దరి మీద విరుచుకపడ్డది, కెమెరా నడుస్తనే ఉన్నది. వేళ్ల కింద పాలిపోయిన తోలు, పిల్ల కండ్లల్ల నీళ్లు, పిల్లగాని దవడ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు.

"చెయ్యి జారిందా అవ్వా? మళ్ల తీద్దాం."

"నేను ఇగ పట్ట," అన్నది కమలవ్వ.

రవి పంపిన ఆ వీడియో ముక్కను భవ్య ఫోన్ల నాలుగుసార్లు చూసింది. ఐదోసారి తన బాపు హనుమండ్లుకు చూపెట్టింది. "పోరడు జర కోపిష్టోడు, అంతే," అన్నడాయన. భవ్య ఫోన్ ఆయన చేతిల పెట్టింది. ఆయన మళ్ల చూసిండు. తెల్లారి సుల్తానాబాద్‌కు సంబంధం వద్దని కబురు పోయింది.

ముసల్ది గడ పట్టక సంబంధం చెడగొట్టిందని వాడకట్టోళ్లు అన్నరు. శ్యామల నెలదాక అత్తతోని మాట్లాడలే. రవి మళ్ల తెల్లారుజామున ఉరుకుతుండు. కమలవ్వ పంచె ఉతికి, కొస పట్టుకొని కూసుంటే, దాని కింద వడియాలు ఒక్క పూటకే ఎండినయి.

పక్కింటి దుర్గవ్వ వచ్చి అరుగు మీద కూసున్నది. "సారయ్య బావ ఉంటే ఇట్ల కానిచ్చేటోడా? ఎంత మంచి మనిషి."

కమలవ్వ వడియం తిరగేసింది.

"మంచోడే, దుర్గవ్వా," అన్నది. "దారం తెగనంతసేపు."