తొమ్మిది గంటల సున్నాలు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున నేను తిన్నది రెండు రొట్టెముక్కలు, ఉడకబెట్టిన గుడ్డులో సగం. మిగతా సగం మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడే నోట్లో వేసుకుని ఆసుపత్రి డ్యూటీకి పరిగెత్తింది. ఇంట్లో గుడ్డు ఒక్కటే ఉన్న రోజున పెద్ద ముక్క నా పళ్ళెంలోకే వస్తుంది. అది గమనించనట్టు తినెయ్యడం నేను నేర్చుకున్నాను. లేకపోతే రెండు ముక్కలూ నాకే వస్తాయి.

పళ్ళెం కడుగుతుంటే పార్కు ఆఫీసు నుంచి ఫోన్.

"మాస్టారూ, ఒకసారి రాగలరా? మీ చేతిరాత ఒకటి చూడాలి," అంది ఆఫీసరమ్మ.

నేను ఎవరికీ పాఠాలు చెప్పినవాణ్ణి కాదు. మా ఊరికి ఆనుకుని ఉన్న నేషనల్ పార్కులో ముప్ఫై ఏళ్ళు పక్షుల లెక్కలు చూశాను. రిటైరై ఎనిమిదేళ్ళయింది. ఆ అమ్మాయి రెండేళ్ళ కిందట పెద్దాఫీసరుగా వచ్చింది. వచ్చిన రోజు నుంచీ నన్ను మాస్టారనే పిలుస్తోంది. పనిలేనివాడికి అలాంటి పిలుపు ఒకటుంటే రోజు కాస్త తేలిగ్గా గడుస్తుంది.

బస్సు దిగి వెళ్ళేసరికి ఆమె బల్ల మీద పార్కు మ్యాపు పరిచి ఉంది. చిత్తడి నేలకి ఎడమపక్క రెండు కొండలు, వాటి మధ్య కనుమ. ఆ కనుమలోంచి స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత ఒకటి మా ఊరిదాకా వచ్చింది. కొత్త హైటెన్షన్ లైను. దాని గురించి పేపర్లో చదివాను గానీ దారి ఇదని తెలియదు.

"ఇది చదవండి," అని కరెంటు కంపెనీ వాళ్ళ రిపోర్టు నా ముందుకు తోసింది. అందులో ఒక పేజీ నిండా ఒకే అంకె. పదహారు చలికాలాలు, రోజుకొక గడి, ప్రతి గడిలోనూ సున్నా. కింద మా పార్కు ముద్ర.

"కనుమ మీదుగా పక్షులు ఎగరవు, కాబట్టి తీగలు వేసినా నష్టం లేదు అంటున్నారు. అబద్ధమేం ఆడలేదు మాస్టారూ. మన మాటే మనకి అప్పజెప్పారు. కానీ నేను రెండు చలికాలాలు నా కళ్ళతో చూశాను. తెల్లవారుజామున వందల కొంగలు అందులోంచే వెళ్తాయి. మరి ఈ సున్నాలేమిటి? ఇరవయ్యో తారీకున విచారణ. ఆ రోజు మనం నోరు మూసుకుంటే, నెలాఖరుకి టవర్లకి గుంతలు తవ్వుతారు."

నేను రికార్డు గదిలోకి నడిచాను.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. కొత్త రిజిస్టరు తెరిచిన రోజున పాతదాని మొదటి పేజీని ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి. ఎక్కడెక్కడ లెక్కపెట్టాలి, ఎవరు వెళ్ళాలి, ఏ వేళకి, అన్నీ. చనిపోయిన వాచరొకడి పేరు ఆ పద్ధతిలో మూడేళ్ళపాటు డ్యూటీ చేసింది. ఎవరూ కొట్టెయ్యలేదు. పై నుంచి వచ్చిన దొరలు రోజువారీ అంకెలు చూసేవాళ్ళు గానీ మొదటి పేజీ తిప్పేవాళ్ళు కాదు.

మిగిలినవాటిలో అన్నిటికన్నా పాత రిజిస్టరు తీశాను. అంతకు ముందువి కప్పు కురిసిన ఏడాది ముద్దయిపోయాయి. మొదటి పేజీలో ఏడో వరస: "కనుమ. ఉదయం తొమ్మిది గంటలు." నా చేతిరాత. తరవాతి రిజిస్టర్లో మళ్ళీ నాదే. ఆపైన వేరేవాళ్ళవి. వేళ మాత్రం మారలేదు.

"ఏం బావా, పాత ప్రేమలేఖలు చదువుకుంటున్నావా?"

వెనక గడియారం నిలబడి ఉన్నాడు. హెడ్ వాచరు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆలస్యంగా వస్తాడు కాబట్టి ఆ పేరు. మాకు చుట్టరికం లేదు. ఒకే టార్చిలైటు పంచుకుని తిరిగిన రోజుల్లో వరస కలుపుకున్నాం.

"ఈ వేళ చూడు," అన్నాను.

చూశాడు. టోపీ తీసి చేత్తో నలిపాడు. "తొమ్మిది," అన్నాడు. "అక్కయ్యకి బాగాలేనప్పుడు కదూ?"

అంతకు ముందు కనుమ దగ్గర లెక్క తెల్లవారుజామున అయిదున్నరకి. కొంగలు రాత్రి చిత్తడిలో నిలబడి నిద్రపోతాయి. వెలుగు రాగానే కనుమలోంచి అవతలి పొలాలకి వెళ్తాయి, చీకటి పడేవేళకి అదే దారిన వస్తాయి. తొమ్మిదింటికి అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు. మా ఆవిడ మంచాన పడ్డాక తెల్లవారుజామున నేను ఇంట్లో ఉండాల్సి వచ్చింది. పక్కకి తిప్పాలి, ఒళ్ళు తుడవాలి, చెంచాతో తినిపించాలి. చూసుకునే మనిషి ఎనిమిదిన్నరకి వచ్చేది. మిగతా ఆరు చోట్లా నీళ్ళ మీద మేసే పక్షులే, తొమ్మిదింటికైనా లెక్కకి అందుతాయి. ఏడోది కూడా తొమ్మిదికి మార్చేశాను. రెండేళ్ళు.

"ఎందుకు మారుస్తున్నావని నువ్వు అడగలేదు," అన్నాను.

"నేనెందుకు అడుగుతాను? లేటుగా లేచేవాడికి దేవుడు వరమిచ్చినట్టుంది." నవ్వబోయి ఊరుకున్నాడు. "ఎవరం అడగలేదు బావా. అడిగితే నువ్వు చెప్పాల్సి వస్తుందని."

ఆ రోజుల్లో దాన్ని నేను దయగానే తీసుకున్నాను. ఇప్పటికీ దయే.

ఆమె పోయాక తెల్లవారుజామున నాకు ఇంట్లో పనేమీ లేదు. అయినా ఆరేళ్ళు తొమ్మిదికే వెళ్ళాను. అలవాటు కొద్దీ అయిదింటికి మెలకువ వచ్చేది. ఖాళీ మంచం పక్కన కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ తరవాత ఎనిమిదేళ్ళూ గడియారం తొమ్మిదికే వెళ్ళాడు.

ఆఫీసరమ్మ గుమ్మంలోంచి ఎంతవరకు విందో తెలియదు. "మాస్టారూ, ఈ మాట మీరు బయట చెప్పకపోయినా ఫర్వాలేదు," అంది. "చెబితే మిగతా ఆరు చోట్ల లెక్కలూ కాకిలెక్కలే అంటారు. మీకూ మాటొస్తుంది. వేరే దారి చూద్దాం."

వేరే దారి ఏదీ లేదని ఆమె గొంతులోనే తెలుస్తోంది.

ఆ సాయంత్రం అమ్మాయి వచ్చేసరికి కరెంటు లేదు. మా ఊరు పాత లైనుకి చిట్టచివర ఉంది. ఎక్కడో కొమ్మ విరిగితే ఇక్కడ చీకటి. దీపం వెలిగించి అంతా చెప్పాను. బూట్లు విప్పుతున్నదల్లా ఒక కాలికి ఉంచుకునే కూర్చుంది.

"అమ్మ మంచాన ఉన్నప్పుడు నేను హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే, డ్యూటీ చూసుకునే వచ్చాను, ఇక్కడ అంతా బాగానే ఉంది అనేవాడివి."

"అక్కడ చదువు పాడవుతుందని..."

"అది సరే." రెండో బూటు విప్పింది. "కొత్త లైను ఆగిపోతే ఏమవుతుందో తెలుసా నీకు? మొన్న గురువారం నలభై నిమిషాలు కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నెలరోజుల పాప. ఊపిరి మిషను ఆగిపోతే నేనూ ఆయమ్మా వంతులేసుకుని చేత్తో రబ్బరు సంచి నొక్కాం."

"పాప?"

"ఈసారికి బతికింది."

"అయితే చెప్పొద్దంటావా తల్లీ?"

"నన్నడక్కు నాన్నా. వద్దంటే నా పేరు చెప్పి మానేస్తావు. చెప్పమంటే రేపేదైనా జరిగితే నా మొహం చూడలేవు. నీ లెక్క నువ్వే చూసుకో."

లేచి వెళ్ళి, నా చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలని తీసి పక్కన పెట్టింది. విచారణకి వేసుకెళ్ళే తెల్ల చొక్కా అది.

ఇరవయ్యో తారీకున మున్సిపల్ హాలు కిక్కిరిసింది. మా ఊరివాళ్ళే ఎక్కువ. అందరికీ లైను కావాలి. వాళ్ళని తప్పుపట్టే నోరు నాకు లేదు. కరెంటు కంపెనీ ఇంజనీరు నడివయసు మనిషి, మర్యాదస్తుడు. నేను గోడకి ఆనుకుని ఉండడం చూసి తన కుర్చీ నాకు జరిపాడు.

నా వంతు వచ్చింది. విచారణాధికారి కళ్ళజోడు తాడు మెడలో వేసుకున్న పెద్దావిడ. జరిగింది చెప్పాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంజనీరు లేచాడు. "అంటే పదహారేళ్ళు తప్పుడు లెక్క రాశారంటారా?"

"లెక్క తప్పు కాదండి. తొమ్మిదింటికి అక్కడ సున్నానే. వేళ తప్పు."

"వేళ మార్చమని పై నుంచి ఉత్తర్వు ఉందా?"

"లేదండి. మా ఇంట్లో మనిషి మంచాన పడింది."

"సొంత పనికోసం ప్రభుత్వ రికార్డుని..."

"అవునండి."

వెనక ఎవరో, "కొంగలకి ఓట్లు కూడా రాయించు తాతా!" అన్నారు. "ఇన్నాళ్ళూ పడుకుని జీతం తిన్నాడ్రా!" అని ఇంకో గొంతు. హాలంతా నవ్వింది. నవ్వుల మధ్య మూడో వరసలో మా అమ్మాయి యూనిఫారంతోనే కూర్చుని కనిపించింది. వస్తానని నాతో చెప్పలేదు. ఆమె నవ్వలేదు, తల దించుకోనూ లేదు.

అప్పుడు గడియారం లేచాడు. "పడుకున్నది నేనండీ. ఎనిమిదేళ్ళు ఈయన వెనకాల తొమ్మిదికి వెళ్ళాను, ఎనిమిదేళ్ళు నేనే వెళ్ళాను. ఈయనకైతే ఇంట్లో జబ్బు మనిషి ఉంది. నాకు దుప్పటి తప్ప ఎవరున్నారు? నా సున్నాలు కూడా రాసుకోండి."

మళ్ళీ నవ్వారు గానీ ఈసారి ఆ నవ్వులో ముల్లు లేదు. వచ్చే ఏడు రిటైరవబోయే మనిషి నిండు సభలో అలా ఒప్పుకోవడమంటే ఏమిటో ఉద్యోగం చేసినవాళ్ళకి తెలుసు.

పెద్దావిడ ఇంజనీరు వైపు తిరిగింది. "మీ వాళ్ళు తెల్లవారుజామున ఒక్కరోజైనా అక్కడికి వెళ్ళారా?"

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. "పార్కు రికార్డు ఉంది కదా అని... లేదండి."

"మీరూ పాతది చూసి రాసుకున్నవాళ్ళే అన్నమాట."

ఏడో చోటి లెక్కలు ఎవరి పక్షానా పనికిరావని కొట్టేసింది. వచ్చే చలికాలమంతా రెండు పక్షాలవాళ్ళూ కలిసి పొద్దునా సాయంత్రమూ కనుమ దగ్గర కూర్చోవాలని, అంతదాకా పార్కులో ఒక్క గుంత కూడా తవ్వకూడదని రాయించింది.

నాకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఉన్నదే రాసి పంపాను. గడియారానికి మందలింపు కాగితం వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో పైవాళ్ళు తనని గుర్తుపట్టడం ఇదే మొదలని, అందరికీ తీసి చూపించాడు.

నవంబరులో మొదటి తెల్లవారుజామున, గడియారంతో సహా మేం నలుగురం కనుమలో రాళ్ళ మీద కూర్చున్నాం. మంచు. చేతిలో పుస్తకం కనబడడం లేదు. ముందు అరుపులు వినిపించాయి. తరవాత, నెత్తిమీదుగా రెక్కల చప్పుడు. మంచులో దారి తెలియకేమో బాగా కిందుగా వచ్చాయి, వరస వెనక వరస. ఇంజనీరు పెన్ను పట్టుకుని రాయడం మరిచిపోయాడు. ఆఫీసరమ్మే లెక్కపెట్టింది. నాలుగు వందల పదమూడు.

పెన్ను జేబులో పెట్టుకుంటూ ఇంజనీరు, "తీగలు సరిగ్గా ఈ ఎత్తులోనే వస్తాయండీ," అన్నాడు. ఎవరూ అడగలేదు. తనంతట తనే చెప్పాడు.

చలికాలం చివర లైను దారి మార్చారు. పార్కుని చుట్టి, పందొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ. ఏడాదిన్నర పడుతుందన్నారు. ఊళ్ళో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. కూరగాయల కొట్టాయన మాత్రం మునుపటిలాగే నాకు మంచివి ఏరి పెడుతున్నాడు.

ఆ ఏడు మేలో ఆసుపత్రిలో కరెంటు గంటంబావు పోయింది. జనరేటరు బాగుచేయించారు గానీ అది అందుకునేలోపు ఒక పెద్దాయన పోయాడు. అమ్మాయి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఆయన ఎలాగూ రెండు రోజులకి మించి ఉండేవాడు కాదు నాన్నా," అంది, నా వైపు చూడకుండా. అది నిజమేనా అని నేను అడగలేదు. చెబితే నిజమే చెబుతుంది.

అప్పటి నుంచి ఆమెకి నైట్ డ్యూటీ పడిన రోజున నేనే భోజనం పట్టుకెళ్తున్నాను. నిన్న వెళ్ళేసరికి ఎనిమిది. అప్పుడే కరెంటు పోయి జనరేటరు అందుకుంది. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. వార్డులో పద్నాలుగు మంచాలు. ఆమె ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, మిషన్ల మీద పచ్చదీపం చూసుకుంటూ పోతోంది. చివరి మంచం ముసలావిడ ఏదో అడిగింది. వంగి, దిండు సరిచేసి, చెవిలో జవాబు చెప్పింది.

బయటికి వచ్చి నా చేతిలో డబ్బా అందుకుంది. "ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే."

"చాలాసేపైంది. చూశాను." నా పక్కన కూర్చుంది. జనరేటరు చప్పుడు విన్నాం ఇద్దరం. దాని మోత మారినప్పుడల్లా ఆమె చెయ్యి డబ్బా మూత మీద ఆగుతోంది. "కొత్త లైనుకి ఇంక ఏడు నెలలు," అంది.

"ఏడు నెలలు," అన్నాను.

"నువ్వు వెళ్ళి పడుకో నాన్నా. నడిచి వెళ్ళకు, రిక్షా ఎక్కు."

లేచి వార్డు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఒకసారి లోపలికి చూసింది. గడియ చప్పుడు కాకుండా వేళ్ళు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా వేసింది.