నీళ్లలో సమ్మెట

బీరప్ప తొట్టిలోంచి సమ్మెటను పైకి తీసి నేలకేసి తట్టి చూశాడు. రాత్రంతా నానిన కర్ర ఉబ్బి ఇనుప తలను గట్టిగా కరుచుకుంది. సమ్మెట బాగానే ఉంది. బాగాలేనిదల్లా దాన్ని ఎత్తవలసిన భుజం. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

తాండూరు స్టేషను వెనక, రాతిగనులకు గడ్డపారలు చేసే కార్ఖానా అది. బంట్వారంలో గొర్రెలు కాసిన బీరప్ప, రోగమొచ్చి మందంతా పోయిన ఏడు ఇక్కడికొచ్చి సమ్మెట పట్టాడు. ఇప్పుడు మీసాలు నెరిశాయి, వీపు కుడివైపుకు ఒరిగింది. భుజం మీద మడతపెట్టిన గొంగడి ఒక్కటే పాత బతుకులోంచి మిగిలింది. ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకారుతో దాగలి దిమ్మె మీద పట్టేది కమ్మరి కిష్టప్ప. అతను చిన్న సుత్తెతో ఎక్కడ తడితే అక్కడ బీరప్ప దెబ్బ పడాలి. సుత్తెను పక్కకు పడుకోబెడితే ఆపాలి. ఏళ్ల తరబడి ఇద్దరూ అలాగే పనిచేశారు. దెబ్బ పడే చోటికి జానెడు దూరంలో కిష్టప్ప చెయ్యి ఉంటుంది.

మొన్న సమ్మెట వేలెడు పక్కన పడింది. కిష్టప్ప నవ్వేసి ఊరుకున్నాడు గాని బీరప్పకు ఆ పూట అన్నం సహించలేదు. చెబితే తన కూలి పోతుంది, చెప్పకపోతే కిష్టప్ప చెయ్యి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మూలన కార్ఖానా యజమాని జనార్దన్ పటేల్ బొంబాయి నుంచి తెప్పించిన కరెంటు సమ్మెట ఉంది. కాలితో తొక్కితే చాలు, దానంతటదే కొడుతుందట. దానికి ఇవాళ కరెంటు కలుపుతామన్నారు. పొద్దుటి నుంచి బీరప్ప కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గుమ్మం దాకా వెళ్లి స్తంభం మీది మనిషిని చూస్తాడు, వచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. తన కూలిని మింగే యంత్రం కోసం ఇంతగా తపించిన కూలివాణ్ణి ఎక్కడైనా చూశారా?

"జర కూసో బీరన్నా. నువ్వు పరేషానై నన్ను పరేషాన్ చేస్తున్నవ్," అన్నాడు కిష్టప్ప.

మధ్యాహ్నం దాటాక పటేల్ వచ్చాడు. "గనోళ్ల బండొచ్చి నిలబడ్డది. ఒక్క గడ్డపార తక్కువుంది. కరెంటుకు ఆగకుండ్రి, చేత్తోనే కొట్టుండ్రి."

బీరప్ప లేచాడు. మొదటి దెబ్బలు సరిగ్గానే పడ్డాయి. మళ్లీ సుత్తె టక్కుమంది, సమ్మెట నెత్తి మీదికి లేచింది. అక్కడ భుజం కలుక్కుమని చెయ్యి మొద్దుబారిపోయింది. బీరప్ప ఒళ్లంతా మెలితిప్పి సమ్మెటను పక్కనున్న బూడిదలోకి పడేశాడు. ముగ్గురి ముఖాలూ తెల్లబడ్డాయి.

"నాతోని కాదు తమ్మీ. నీ చేతి మీద కొడ్త. మస్తు దినాల సంది భుజం పనిచేస్తలేదు, చెప్పలే," అన్నాడు ఆయాసపడుతూ.

"నాకెర్కనే," అన్నాడు కిష్టప్ప. "అందుకే గదా యాడాది సంది పటేల్ పానం తిని మిషన్ తెప్పిచ్చిన."

"ఎర్కుండి గూడ చెయ్యెట్ల పెట్టినవ్ రా?"

"నువ్వు నా చేతి మీద కొట్టవని."

బీరప్ప కళ్లు తుడుచుకుంటే చేతికంటిన బూడిద ఇంకా మంట పెట్టింది.

అంతలో కప్పు కింది బల్బు వెలిగింది. కిష్టప్ప ఇనుమును మళ్లీ కాల్చుకొచ్చి యంత్రం ముందు నిలబడి పీట తొక్కాడు. ఇనుప తల దబదబా పడింది. గంటసేపు పట్టే పని బీడీ ఆరేలోపు అయిపోయింది. ఒక్క దెబ్బా పక్కకు జరగలేదు, యంత్రం అలసిపోలేదు.

"రేపటి సంది దీనికి నూనె పోసి సూసుకునే పని నీది బీరప్పా. కూలి గదే," అన్నాడు పటేల్.

బీరప్ప ఎంతో కాలానికి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. అలవాటు కొద్దీ సమ్మెటను కడిగి తొట్టిలో నిలబెట్టాడు. గొంగడి కప్పుకుని గోడకు చేరగిలి, ఇనుము తిప్పుతున్న కిష్టప్ప చేతులనే చూస్తూ కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకు పని ముగిసింది. ఇంటికి పోదామని కిష్టప్ప దాగలి మీద సుత్తెతో టక్కున తట్టాడు. ఎన్నడైనా ఒక్క పిలుపుకే లేచే మనిషి కదలలేదు. మళ్లీ తట్టాడు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసి చూశాడు, ఒళ్లు చల్లబడిపోయింది. కాసేపు అక్కడే కూలబడి, తిరిగొచ్చి సుత్తెను మెల్లగా పక్కకు పడుకోబెట్టాడు.

తొట్టి నీళ్లలో సమ్మెట కర్ర రేపటి దెబ్బ కోసం నానుతూ ఉంది.